బొగ్గు, సిమెంటు ధూళి మధ్య కారు పెయింటు: మిషన్ చేతపట్టే ముందు తెలుసుకోవలసినవి

చంద్రపూర్ జిల్లా రాజురాలో ఉంటున్న మీరు నాలుగేళ్ల కిందట కొన్న ముదురు నీలం కారును ఎండలో నిలబెడితే సాలెగూడులాంటి గుండ్రటి గీతలు కనిపిస్తున్నాయనీ, బానెట్ మీది తెల్లటి మచ్చలు ఎంత తుడిచినా పోవడం లేదనీ, ఏటా రెండుసార్లు వాషింగ్ సెంటర్‌లో మిషన్‌తో రుద్ది మెరిపించే రబ్బింగ్ చేయిస్తున్నా రెండు నెలలకే మళ్లీ మొదటికి వస్తోందనీ, ఆ డబ్బుతో మిషన్ కొనుక్కుని ఇంట్లోనే పాలిష్ చేసుకుంటే ఎలా ఉంటుందనీ అడిగారు.

చేసుకోవచ్చు. ఓపిక ఉన్న మనిషి ఇంట్లో చేసుకునే పాలిష్ హడావిడిగా నడిచే దుకాణంలో చేసే పాలిష్ కన్నా చాలాసార్లు మేలుగానే ఉంటుంది. కానీ మిషన్ కొనే ముందు ఒక్క విషయం గట్టిగా గుర్తు పెట్టుకోండి: పాలిష్ అంటే పెయింటును అరగదీయడమే. గీత పోయిందంటే, గీత లోతు వరకు దాని చుట్టూ ఉన్న పొరను మనం తీసేశామని అర్థం, అలా తీసిన పొర మళ్లీ రాదు. నేను బల్లార్పూర్‌లో ఇరవై రెండేళ్లుగా డెంటింగ్, పెయింటింగ్ పని చేస్తున్నాను. మన ప్రాంతంలో వాడకం వల్ల పాడైన పెయింటు కన్నా, తుడిచి తుడిచి, రుద్ది రుద్ది పాడుచేసుకున్న పెయింటే ఎక్కువగా చూశాను. అందుకని పాలిష్ గురించి చెప్పే ముందు కడగడం గురించి ఎక్కువ చెబుతాను, దయచేసి దాన్ని దాటేసి చదవకండి.

ముందు మీ దగ్గర ఉన్న సొత్తు ఎంతో లెక్క చూద్దాం. ఫ్యాక్టరీలో ఇనుప రేకుకు తుప్పు పట్టకుండా విద్యుత్తు సాయంతో పట్టించే మొదటి పొర సుమారు 20 మైక్రాన్లు (మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు), దాని మీద ప్రైమర్ 30, 35 మైక్రాన్లు, దాని మీద మీరు చూసే నీలం రంగు 15 మైక్రాన్లు అటూ ఇటూ, అన్నిటికన్నా పైన రంగులేని క్లియర్ కోటు 40 నుంచి 50 మైక్రాన్లు ఉంటాయి. అన్నీ కలిపితే మామూలుగా 100 నుంచి 140 మైక్రాన్లు. తలవెంట్రుక మందం సుమారు 70 మైక్రాన్లు అనుకుంటే, మీరు పాలిష్ చేయగలిగిన క్లియర్ కోటు ఒక వెంట్రుక మందం కూడా లేదు. మెరుపు దానిలోనే ఉంది, ఎండలోని అతినీలలోహిత కిరణాలను పీల్చుకుని కింది రంగును కాపాడే రసాయనాలు కూడా ప్రధానంగా దానిలోనే ఉన్నాయి. సన్నటి పాలిష్ ఒకసారి చేస్తే ఒకటి రెండు మైక్రాన్లు పోతాయి. ఉన్ని ప్యాడ్ వేసి గట్టి రబ్బింగ్ కాంపౌండ్‌తో రుద్దితే మూడు నుంచి ఐదు, ఒక్కోసారి ఇంకా ఎక్కువ పోతాయి. క్లియర్ కోటు బాగా పలచబడ్డ తర్వాత అది వెంటనే చెడిపోయినట్టు కనిపించదు. కొన్ని వేసవులు గడిచాక బానెట్ మీద, రూఫ్ మీద తెల్లగా పాలిపోయి, పొలుసులుగా లేస్తుంది. ఆ దశలో మళ్లీ పెయింటు వేయడం తప్ప మరో దారి ఉండదు.

పోయిన చలికాలం నా దగ్గరకు ఒక నల్ల కారు వచ్చింది. యజమాని మీలాగే ఏటా తప్పకుండా రబ్బింగ్ చేయించిన మనిషి, కారంటే ప్రాణం. మందం కొలిచే మీటరు పెట్టి చూస్తే డోర్ల మీద 122, 119 అని వచ్చింది. బానెట్ మధ్యలో 88. బానెట్ అంచున, రేకు మడత తిరిగే చోట 71. ఎండకు ఎక్కువ గురయ్యేది, అందరి కన్ను పడేది బానెటే కనుక ప్రతిసారీ దాన్నే ఎక్కువసేపు రుద్దారు. డోర్లతో పోలిస్తే అక్కడ ముప్పై మైక్రాన్లకు పైగా తక్కువ ఉంది, అది పోయింది పైనున్న క్లియర్ కోటులో నుంచే. ఆయనకు ఆ బానెట్ మీద ఇక ఎవరి చేతా పాలిష్ చేయించవద్దని చెప్పి, రుద్దకుండా రక్షణ పూత మాత్రం వేసి పంపాను. మీ కారుకు నాలుగేళ్లలో ఎనిమిది సార్లు రబ్బింగ్ జరిగి ఉంటే, పాలిష్ మొదలుపెట్టే ముందు మీరు తప్పక చేయవలసిన పని ఆ మీటరు ఉన్న చోటికి వెళ్లి మందం కొలిపించుకోవడం. ఇనుప రేకు మీద అది కచ్చితంగా చూపిస్తుంది. ప్లాస్టిక్ బంపర్ల మీద మామూలు మీటరు పనిచేయదు. ఎక్కడైనా 200 దాటి చూపిస్తే ఆ భాగానికి ఇదివరకే మళ్లీ పెయింటు పడిందని, 300, 400 దాటితే కింద పుట్టీ ఉందని అనుకోవచ్చు.

ఇక ఆ గుండ్రటి గీతలు ఎక్కడి నుంచి వచ్చాయన్నది. నిజానికి అవి గుండ్రంగా ఉండవు. అన్ని దిక్కులకూ పోయే సన్నటి తిన్నని గీతలే, సూర్యుడి వెలుగు చుట్టూ వలయంగా మెరుస్తాయి కనుక కంటికి సాలెగూడులా కనిపిస్తాయి. వాటిని చేసినది మన పొద్దుటి అలవాటు. మన వైపు ప్రతి ఇంటి ముందూ కనిపించే దృశ్యమే: తెల్లవారగానే డిక్కీలోంచి పసుపు గుడ్డ తీసి, బానెట్ మీద రాత్రంతా పడిన ధూళిని పొడిగానో, అర బకెట్టు నీళ్లలో ముంచిన అదే గుడ్డతోనో తుడిచేస్తారు. ఏ ఊళ్లోనైనా ఇది పెయింటుకు మంచిది కాదు, మన దగ్గర అయితే మరీ కాదు. సాస్తి గనుల వైపు నుంచి బొగ్గు పొడి, గడ్‌చాందూర్ చుట్టుపక్కల కర్మాగారాల నుంచి సిమెంటు ధూళి, బూడిద లారీలు తిరిగే రోడ్ల మీద ఫ్లై యాష్ అనే సన్నటి బొగ్గు బూడిద, వీటన్నిటితో కలిసి మామూలు మట్టి పడుతుంది. ఇందులో బొగ్గు ఒక్కటే అయితే అంత గట్టిది కాదు. దానితో కలిసి వచ్చే ఇసుక రేణువు, బూడిదలోని సిలికా గట్టివి. క్లియర్ కోటు వాటి ముందు మెత్తని వస్తువు. ఆ గుడ్డ మీ చేతిలో సన్నటి వాటర్ పేపర్‌తో సమానం. ముదురు రంగు మీద వెంటనే కనిపిస్తుంది, తెల్ల కారు మీద కనిపించదు, అంతే తేడా. గీతలు తెల్ల కారు మీదా అన్నే ఉంటాయి.

కనుక ఈ రోజు నుంచే పొద్దుటి తుడుపు మానేయండి. అద్దాలు తుడుచుకోండి, అవి చూపు కోసం తప్పవు, పైగా అద్దం పెయింటు కన్నా గట్టిది. బాడీ మీద ధూళి పడి ఉంటే ఉండనివ్వండి. పదిరోజులకు ఒకసారి సరిగ్గా కడిగిన కారు, రోజూ తుడిచిన కారు కన్నా అయిదేళ్ల తర్వాత కొత్తగా ఉంటుందని నేను ఎన్నో కార్లలో చూశాను. ఈ మాట చెబితే ఇంట్లో పెద్దవాళ్లు ఒప్పుకోరు, మురికి కారు బయటికి తీయడం నామోషీ అంటారు. వాళ్లకు ఒకసారి ఫోన్ టార్చి వేసి మీ బానెట్ మీది గీతలు చూపించండి.

సరిగ్గా కడగడం అంటే ధూళిని గుడ్డతో ముట్టుకోకముందే వీలైనంత నీటితోనే దించేయడం. కారును నీడలోకి తెచ్చి, రేకు చేతికి చల్లగా తగిలేదాకా ఆగాలి. మే నెలలో మన దగ్గర ఎండ 46, 47 డిగ్రీలకు పోయినప్పుడు ముదురు రంగు బానెట్ 70 డిగ్రీలు దాటి కాలుతుంది. దాని మీద నీళ్లు పోస్తే పోసినవి పోసినట్టే ఆరి మచ్చలు వదులుతాయి, షాంపూ ఎండి అంటుకుంటుంది. ప్రెషర్ పంపు ఉంటే మంచిదే, లేకపోతే మామూలు గొట్టంతో పైనుంచి కిందికి నింపాదిగా కడగండి. తర్వాత కార్ షాంపూ నురుగు చల్లి నాలుగైదు నిమిషాలు వదిలి మళ్లీ నీళ్లు పోయండి. ఆ తర్వాతే చేతికి తొడిగే మైక్రోఫైబర్ మిట్. రెండు బకెట్లు పెట్టుకోండి: ఒకదానిలో షాంపూ నీళ్లు, రెండోదానిలో వట్టి నీళ్లు. ఒక భాగం రుద్దిన ప్రతిసారీ మిట్‌ను ముందు వట్టి నీళ్లలో జాడించి, ఆ తర్వాతే షాంపూలో ముంచాలి. పని అయ్యాక ఆ వట్టి నీళ్ల బకెట్టు అడుగున చేయి పెట్టి చూడండి, వేళ్లకు గరగరలాడుతూ ఇసుక తగులుతుంది. అదంతా ఇన్నాళ్లూ మీ గుడ్డతో పాటు కారు మీద తిరిగినదే. రూఫ్ నుంచి మొదలుపెట్టి కిందికి రావాలి, డోర్ల కింది భాగం చివరకు, చక్రాలకు వేరే బకెట్టు, వేరే గుడ్డ. బట్టల సబ్బు పొడి, గిన్నెలు తోమే సబ్బు వాడవద్దు, అవి మీరు వేసిన రక్షణ పూతను లాగేస్తాయి, రబ్బరు బీడింగులను ఎండబెడతాయి. కొందరు డీజిలుతో, కిరోసిన్‌తో తుడిస్తే మెరుస్తుందంటారు. ఆ మెరుపు నూనె తడి, అంతే. మర్నాటికి రెట్టింపు ధూళి దానికి అంటుకుంటుంది.

మన బోరు నీళ్ల గురించి వేరుగా చెప్పాలి. మన దగ్గర చాలా ఇళ్లలో గీజర్ కాయిల్ మీద తెల్లటి పెచ్చు కట్టడం మీరు చూసే ఉంటారు. ఆ సున్నమే కారు మీద నీటిచుక్క ఆరినచోట గుండ్రటి మచ్చగా మిగులుతుంది. కడగడం బోరు నీళ్లతో కడిగినా, చివరి జాడింపు మాత్రం ఆర్‌వో ప్లాంటు నుంచి తెచ్చే ఇరవై లీటర్ల క్యాన్ నీళ్లతో చేయండి. పూలచెట్లకు నీళ్లు పోసే జల్లెడ క్యాన్‌తో నెమ్మదిగా పోస్తే చిన్న కారుకు ఒక్క క్యాన్ చాలు. ఇంట్లో ఆర్‌వో మిషన్ బయటికి వదిలే వృథా నీళ్లు పొరపాటున కూడా వాడకండి, సున్నమంతా చేరేది వాటిలోనే. వెంటనే దళసరి మైక్రోఫైబర్ తువ్వాలును రేకు మీద పరిచి, అద్ది, ఎత్తి తడి తీయాలి, ఈడ్చి తుడవకూడదు. ఈ తువ్వాళ్లను వేరుగా ఉతకండి, ఫ్యాబ్రిక్ కండిషనర్ వేయకండి. అది పోగుల మధ్య ఖాళీలను మూసేసి నీళ్లు పీల్చే గుణాన్ని చంపేస్తుంది. నేల మీద పడిన తువ్వాలు ఆ రోజుకు మళ్లీ పెయింటును తాకకూడదు.

ఇప్పుడు మీ బానెట్ మీది తెల్లమచ్చలు. మీరు గడ్‌చాందూర్ రోడ్డు మీదుగా రోజూ పనికి వెళతానన్నారు కనుక నాకు ముందు సిమెంటు మీదే అనుమానం. సిమెంటు ధూళి పొడిగా ఉన్నంతసేపు నీటితో కొట్టుకుపోతుంది. రాత్రి మంచు పడి తడిసి, పగలు ఎండకు ఆరితే అది మన ఇంటి గోడ మీద చేసే పనే కారు మీదా చేస్తుంది, గట్టిపడి పట్టుకుంటుంది. దాన్ని గోటితో, బ్లేడుతో గీకితే పెయింటుతో సహా లేస్తుంది. వంటకు వాడే తెల్ల వెనిగర్‌ను సమానంగా నీళ్లు కలిపి, మెత్తని గుడ్డను దానిలో తడిపి, చల్లగా ఉన్న రేకు మీద మచ్చను కప్పేలా పరచండి. అయిదు నిమిషాల తర్వాత తీసి నీళ్లతో బాగా కడగండి. మచ్చ కొంత తగ్గితే మళ్లీ అదే చేయండి, నాలుగు సార్లయినా పరవాలేదు, ఓపికే ఇక్కడ పని చేస్తుంది. పులుపు సున్నాన్ని కరిగిస్తుంది, క్లియర్ కోటుకు అంత కొద్దిసేపట్లో ఏమీ చేయదు. చివర షాంపూతో కడిగి పులుపు పూర్తిగా పోగొట్టాలి. సమయం కలిసొస్తుందని బాత్రూమ్ కడిగే యాసిడ్ వాడినవారి కార్లు నా దగ్గరకు వచ్చాయి. మచ్చ పోయింది నిజమే, దానితో పాటు గ్రిల్ క్రోము నల్లబడింది, వైపర్ కింద బోల్టులు తుప్పు పట్టాయి. వెనిగర్ నాలుగుసార్లు వేసినా గుండ్రటి నీడ మిగిలిందంటే అది పైన కూర్చున్న మచ్చ కాదు, క్లియర్ కోటులోకి తిన్న గుంట. దానికే పాలిష్ కావాలి, ఆ చోటుకు మాత్రమే.

మీది ముదురు కారు కనుక మీకు కనిపించకపోవచ్చు గానీ, రైల్వే ధూళి గురించి కూడా తెలుసుకోండి. బల్లార్పూర్‌లోని బల్లార్షా స్టేషన్ బయట రోజంతా కారు పెట్టి రైల్లో నాగపూర్‌కో, కాగజ్‌నగర్‌కో వెళ్లి వచ్చేవారి తెల్ల కార్ల మీద నూకల్లాంటి గోధుమరంగు చుక్కలు వస్తాయి. లోపలి నుంచి తుప్పు బయటికి వస్తోందని కంగారు పడతారు. అది రైలు బ్రేకుల నుంచి, పట్టాల నుంచి ఎగిరే సన్నటి ఇనుప రజను, క్లియర్ కోటులో గుచ్చుకుని తుప్పు పడుతుంది. ఇనుప ధూళిని కరిగించే స్ప్రే కార్ల సామాను దుకాణాల్లో దొరుకుతుంది. దాన్ని చల్లిన వెంటనే ప్రతి చుక్క దగ్గరా ఊదారంగు ధార కారుతుంది, ఘాటైన వాసన వస్తుంది. మూడు నాలుగు నిమిషాలు ఉంచి, ఆరిపోకముందే కడిగేయాలి. గాలి ఆడే చోట, చేతికి తొడుగు వేసుకుని చేయండి.

పాలిష్ ముందు చివరి శుభ్రత క్లే బార్, అంటే పెయింటుకు అంటుకున్న రేణువులను లాగేసే మెత్తటి బంకముద్ద. కడిగి ఆరబెట్టిన బానెట్ మీద చేతికి పలచటి ప్లాస్టిక్ కవర్ తొడుక్కుని వేళ్లు జార్చండి, ఉత్త చేతికి తెలియని గరుకు కవర్ లోంచి స్పష్టంగా తెలుస్తుంది. గరుకు లేకపోతే క్లే అవసరం లేదు. ఉంటే, షాంపూ నీళ్లు ధారాళంగా చల్లుతూ, బరువు వేయకుండా, క్లే ముక్కను ముందుకూ వెనక్కూ జార్చండి, గుండ్రంగా తిప్పవద్దు. ప్రతి అడుగు స్థలానికీ మడిచి కొత్త ముఖం తీయాలి. చేతిలోంచి నేల మీద పడిన క్లేను పారేయండి, ఎంత ఖరీదైనా సరే.

ఇంత చేశాక ఎండలో ఒకసారి కారును చూడండి. కొన్నిసార్లు మురికి పోవడంతోనే సగం మసక తగ్గిపోతుంది, అప్పుడు పాలిష్ ఆలోచన వాయిదా వేయండి. గీతలు ఇంకా బాధపెడుతుంటే, మందం మీటరు అభ్యంతరం చెప్పకపోతే, అప్పుడు మిషన్. ఒక్క ఇరుసు మీద గిర్రున తిరిగే రోటరీ మిషన్ కొనకండి. తిరుగుతూనే అటూ ఇటూ ఊగే రకం, డ్యూయల్ యాక్షన్ అంటారు, అదే కొనండి. మీద బరువు ఎక్కువ పడితే ప్యాడ్ తిరగడం ఆగిపోతుంది కనుక కొత్త చేతుల్లో అది పెయింటును కాల్చడం అరుదు. నేను పని నేర్చుకునే రోజుల్లో ఒక ఎర్ర కారు డోరు మీద రోటరీకి ఉన్ని ప్యాడ్ వేసి, డోరు మధ్య నుంచి పోయే మడత గీత మీద రెండు క్షణాలు ఎక్కువ ఆపాను. ప్యాడ్ ఎర్రబడింది, తీసి చూస్తే రూపాయి బిళ్లంత మేర బూడిదరంగు ప్రైమర్ తేలింది. ఆ డోరుకు మా ఉస్తాద్ తన ఖర్చుతో పెయింటు వేయించారు, నన్ను ఒక్క మాట అనలేదు. అది గుర్తొస్తే నాకు ఈ రోజుకూ చేయి తేలిక అవుతుంది. మడతల మీద, అంచుల మీద పెయింటు ఎప్పుడూ పలచగానే నిలుస్తుంది. అందుకని మడత గీతలన్నిటి మీదా, బ్యాడ్జీల చుట్టూ, నల్ల ప్లాస్టిక్ పట్టీల మీదా మాస్కింగ్ టేప్ అంటించి మొదలుపెట్టండి. ప్లాస్టిక్ బంపర్ వేడిని రేకులా పంచుకోలేదు, అక్కడ వేగం తగ్గించి, త్వరగా ముగించండి.

మొదట బానెట్ మూలన అడుగున్నర చదరం ఒకటి టేప్‌తో గుర్తు పెట్టుకుని, దానిలో మాత్రమే పరీక్ష చేయండి. మెత్తని ఫోమ్ ప్యాడ్, సన్నటి పాలిష్‌తో ఆరంభించాలి. శనగగింజంత చుక్కలు నాలుగు చాలు. మిషన్ ఆపి ఉండగానే ప్యాడ్‌తో ఆ చదరమంతా పూసి, తక్కువ వేగంలో పరిచి, తర్వాత మధ్య వేగానికి పెంచి, సెకనుకు అంగుళం చొప్పున నిలువు వరుసలు, వాటి మీద అడ్డ వరుసలు, అలా నాలుగు నుంచి ఆరు సార్లు. చేత్తో నొక్కి బలం చూపనక్కరలేదు, మిషన్ బరువుకు కాస్త తోడు చేస్తే చాలు. తుడిచి టార్చి వేసి చూడండి. డెబ్బై పాళ్ల గీతలు పోయి ఉంటే అక్కడితో తృప్తి పడండి. మిగిలిన ముప్పై పాళ్లు లోతైనవి, వాటి కోసం వెళితే మైక్రాన్లు ఖర్చవుతాయి, ఆ గీతలను మీరు తప్ప మరెవరూ చూడరు. ఏమీ పోకపోతే, పాలిష్ అదే ఉంచి ప్యాడ్ ఒక మెట్టు గట్టిది వేయండి, అప్పటికీ పోకపోతేనే కాంపౌండ్. గోరు అడ్డంగా జార్చితే టక్కున తగిలే గీతను మిషన్‌తో తీసే ప్రయత్నం వద్దు, దానికి టచప్ పెయింటు చుక్కే సరైనది. రెండు మూడు చదరాలకు ఒకసారి బ్రష్‌తో ప్యాడ్ దులపండి. ప్యాడ్‌లో పేరుకున్న పొడి కూడా గీతలు పెడుతుంది.

తెల్ల ప్యాడ్‌కు మీ కారు రంగు అంటుతోందంటే వెంటనే ఆపండి. పాత కార్లలో క్లియర్ కోటు లేని రంగులు ఉండేవి, వాటికి అది మామూలే. నాలుగేళ్ల నీలం కారుకు మాత్రం అది క్లియర్ కోటు అయిపోయిందని చెప్పే సంకేతం.

మిషన్ కొనలేకపోయినా, మీటరు భయపెట్టినా, చేత్తో ఫోమ్ అప్లికేటర్‌తో సన్నటి పాలిష్ చేయడంలో తప్పేమీ లేదు. మసక, పలచటి నీటిమచ్చలు, డోర్ హ్యాండిల్ వెనక గోటి గీతలు చేత్తోనే బాగా పోతాయి. కారంతా ఉన్న సాలెగూడు మాత్రం చేత్తో పోదు, భుజం నొప్పి మిగులుతుంది.

వాషింగ్ సెంటర్ మెరుపు రెండు నెలలకే ఎందుకు పోతోందని అడిగారు కదా. చాలా పాలిష్‌లలో నూనెలు, పూరక పదార్థాలు ఉంటాయి. అవి గీతలో కూర్చుని కంటికి దాన్ని మాయం చేస్తాయి, నాలుగు కడుగులకు కరిగిపోతే గీత ఉన్నచోటనే ఉంటుంది. మీరు చేసిన పని నిజమో కాదో తేల్చుకోవడానికి, ఐసోప్రొపైల్ ఆల్కహాల్ ఒక వంతుకు నాలుగు వంతుల శుద్ధమైన నీళ్లు కలిపి చల్లి తుడవండి. నూనె పోయాక కూడా గీత కనిపించకపోతే అది నిజంగా పోయినట్టే. రక్షణ పూత వేసే ముందు ఈ తుడుపు ఎలాగూ అవసరం, నూనె మీద పూత పట్టదు.

పూతల్లో కార్నాబా వ్యాక్స్ అందానికి మంచిది, బ్రెజిల్‌లో పెరిగే ఒక తాటిజాతి చెట్టు ఆకుల నుంచి వస్తుంది, ముదురు రంగు మీద లోతైన నిగారింపు ఇస్తుంది. కానీ మన వేసవికి అది కొన్ని వారాలకు మించి నిలవదు. పండక్కి, పెళ్లికి వేసుకోండి, రక్షణ కోసం దాని మీద ఆధారపడకండి. మీకు నేను చెప్పేది సింథటిక్ సీలెంట్, లేదా సిలికా ఉన్న స్ప్రే రకం పూత. కడిగి ఆరబెట్టిన కారు మీద అరగంటలో అయిపోతుంది, మూడు నాలుగు నెలలకు ఒకసారి వేస్తే ధూళి నీటితోనే జారిపోతుంది, గుడ్డ పని తగ్గుతుంది. అసలు లాభం అదే. అసలైన సిరామిక్ కోటింగ్ ఏళ్ల తరబడి నిలుస్తుంది గానీ దాని మందం ఒకటి రెండు మైక్రాన్లే. డబ్బా మీద రాసే 9హెచ్ అన్నది పెన్సిల్ మొనతో గీసి చూసే పరీక్షలోని కొలత, రాయి తగిలినా గీత పడదని దానికి అర్థం కాదు. బోరు నీళ్ల మచ్చలు సిరామిక్ మీద కూడా పడతాయి. ఇంట్లో వేసుకోవాలనుకుంటే డిసెంబరు, జనవరిలోనే వేయండి. మే నెలలో అది పూసిన చేతి కిందే ఆరిపోయి, తుడవడానికి అందకుండా చారలు మిగులుస్తుంది, ఆ చారలు తీయడానికి మళ్లీ పాలిషే గతి. వేశాక కనీసం ఒక రోజంతా నీటిచుక్క తగలకూడదు. రాళ్ల దెబ్బలకు నిజంగా అడ్డుపడేది 150, 200 మైక్రాన్ల మందం ఉండే పారదర్శక రక్షణ ఫిల్మ్ ఒక్కటే. లారీల వెనక రోజూ తిరిగేవారు బానెట్ ముందు అంచుకు, బంపర్‌కు వేయించుకుంటే చాలు, కారంతా అక్కరలేదు. ఎక్కడైనా కొత్తగా పెయింటు వేయించిన భాగం ఉంటే దాని మీద రెండు నెలల వరకు ఏ పూతా వేయకండి, లోపలి థిన్నర్ ఆరిపోవడానికి దారి ఉండాలి.

నీడ కోసం కారు ఎక్కడ పెడుతున్నారో చూసుకోండి. మార్చి, ఏప్రిల్‌లో ఇప్పచెట్టు కింద పెట్టిన కారు మీద తెల్లవారేసరికి పూలు రాలి, తీపి రసం కారి, ఎండకు బెల్లం పాకంలా గట్టిపడుతుంది. గోరువెచ్చని నీళ్లలో తడిపిన గుడ్డ కప్పి నానబెడితే పోతుంది, రుద్దితే గీత పడుతుంది. పక్షి రెట్ట ఇంకా చెడ్డది. వేడికి మెత్తబడిన క్లియర్ కోటు మీద అది ఎండి, కుంచించుకుపోతూ పైపొరను లాగుతుంది. వేసవిలో ఒక్క మధ్యాహ్నం చాలు, చిట్లిన గాజులాంటి ముద్ర మిగలడానికి. నీళ్ల సీసా, రెండు మైక్రోఫైబర్ ముక్కలు ఎప్పుడూ డిక్కీలో ఉంచుకుని, చూసిన వెంటనే నానబెట్టి ఎత్తేయండి. కవర్ కప్పే అలవాటు ఉంటే, కడిగిన కారు మీదే కప్పాలి. ధూళి కారు మీద కప్పిన కవర్ గాలికి కొట్టుకుంటూ రాత్రంతా దాన్ని రుద్దుతూనే ఉంటుంది.

మీ కారుకు వరుస ఇలా పెట్టుకోండి. ఇప్పుడు వేసవి కనుక మిషన్ జోలికి పోవద్దు. ఈ వారం ఒక పొద్దున్నే, నీడలో, పైన చెప్పినట్టు కడిగి, వెనిగర్‌తో బానెట్ మచ్చల పని చూసి, స్ప్రే పూత ఒకటి వేసి వదిలేయండి. మృగశిర కార్తె వానలు మొదలయ్యే ముందు ఆ పూత మరొకసారి. దీపావళి దాటాక మందం కొలిపించండి, బానెట్ మీద 100కు పైన, డోర్లకు దగ్గరగా ఉంటేనే ఒక చదరం పరీక్ష చేసి చూడండి. 90కి తక్కువ ఉంటే ఆ బానెట్‌కు పాలిష్ జన్మలో వద్దు. వెనిగర్ తర్వాత మచ్చలు ఎలా ఉన్నాయో, పక్కనుంచి వెలుగు పడేలా ఒక ఫోటో తీసి చూపించండి, పైన ఉన్నదో లోపలికి తిన్నదో చెబుతాను.